పోకెమాన్ గోలో టీమ్ మారడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బయట తిరుగుతూ ఫోన్‌లో పోకెమాన్లనే ఊహా జీవుల్ని పట్టుకునే ఆట పోకెమాన్ గో. అది ఆడే మనవాళ్లలో ఎవరో ఒకరు వారం తిరిగేసరికి ఈ మాట అడుగుతూనే ఉంటారు: "టీమ్ మారొచ్చా? మారితే ఏం పోతుంది?" ఒకరికి చెప్పిన జవాబు ఇంకొకరి చెవిన పడేసరికి సగం మారిపోతోంది. వెయ్యి కాయిన్ల (ఆటలో చెల్లే నాణేలు) ఖర్చు, ఏడాదికి ఒక్కసారి దొరికే అవకాశం. తప్పు సమాచారం నమ్మి ఎవరూ నష్టపోకూడదని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరుసగా చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని అక్కడికే వెళ్లండి.

## టీమ్ ఎంచుకునే ముందు

అసలు ఎన్ని టీమ్‌లు ఉన్నాయి? ఏది బలమైనది?

మూడు. నీలం మిస్టిక్, ఎరుపు వాలర్, పసుపు ఇన్‌స్టింక్ట్. లీడర్లు వరుసగా బ్లాంచ్, కాండెలా, స్పార్క్. గుర్తులు ఆర్టికునో, మోల్ట్రెస్, జాప్‌డోస్. బలంలో తేడా ఏమీ లేదు. ఏ రంగులో ఉన్నా దొరికే పోకెమాన్లు అవే, వాటి శక్తీ అంతే. ఫలానా టీమ్‌కి షైనీలు (అరుదుగా దొరికే వేరే రంగు పోకెమాన్లు) ఎక్కువ వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. తేడా అంతా మీ వీధి చుట్టుపక్కల జిమ్‌లు (టీమ్‌లు పోటీపడి తమ పోకెమాన్లను కాపలా పెట్టే చోట్లు) ఎవరి చేతుల్లో ఉన్నాయనే దాంట్లోనే ఉంది.

టీమ్ ఎంచుకునే లెవెల్ 5 దాటేశాను, ఇంకా టీమ్ తీసుకోలేదు. ఏమైనా నష్టమా?

పోకెమాన్లను పట్టుకోవడానికి, పోకేస్టాప్‌లు (వస్తువులిచ్చే చోట్లు) తిప్పడానికి ఇబ్బంది లేదు. కానీ టీమ్ లేకుండా జిమ్‌లో పోకెమాన్‌ని పెట్టలేరు. అంటే జిమ్ కాయిన్లు రావు. నెలల తరబడి ఆగడం మంచిది కాదు గానీ, ఓ వారం ఆగి మీరు రోజూ తిరిగే దారిలో జిమ్‌ల రంగులు గమనించడం మాత్రం చాలా మంచిది. పొద్దున ఏ రంగు, రాత్రి ఏ రంగు అని చూసుకుంటే చాలు.

మా ఏరియాలో జిమ్‌లన్నీ నీలమే. నేనూ నీలమే తీసుకోవాలా?

అందరూ ఇక్కడే పొరపడతారు. జిమ్‌లో పెట్టిన పోకెమాన్ పది నిమిషాలకు ఒక కాయిన్ చొప్పున సంపాదిస్తుంది. కానీ ఆ కాయిన్లు అది జిమ్‌లో ఉన్నంతసేపు మీ చేతికి రావు. ఎదుటి టీమ్‌వాళ్లు దాన్ని ఓడించి పంపేస్తేనే, ఇంటికి వచ్చేటప్పుడు తెస్తుంది. పైగా రోజుకు మొత్తం 50 కాయిన్లే పరిమితి. పది రోజులు కాపలా కాసి వచ్చిన పోకెమానైనా ఆ రోజుకు 50 మించి ఇవ్వదు.

ఇప్పుడు మీ ఏరియా సంగతి చూడండి. అన్నీ నీలమే అయితే నీలం పోకెమాన్లను ఓడించేవాళ్లెవరు? మీ పోకెమాన్ జిమ్‌లో హాయిగా వారాల తరబడి కూర్చుంటుంది, మీకు మాత్రం ఒక్క కాయిన్ రాదు. ఒక జిమ్‌లో ఆరు స్థానాలే ఉంటాయి. పెద్ద టీమ్‌లో చేరితే ఖాళీ దొరకడమే కష్టమవుతుంది. ఎర్రగానో పసుపుగానో ఉంటే కొట్టడానికి జిమ్‌లకు కొదవ ఉండదు, మిమ్మల్ని వెనక్కి పంపేవాళ్లకూ కొదవ ఉండదు.

అలాగని మీరు ఒక్కరే వేరే రంగైతే ఇంకో చిక్కు. మీరు జిమ్ గెలిచి ఇల్లు చేరేలోపే పడగొట్టేస్తారు. పావుగంట ఉంటే వచ్చేది ఒక్క కాయిన్. అందుకే నా సలహా ఇది: తక్కువ మంది ఉన్న రంగు తీసుకోండి, కానీ ఆ రంగులో రోజూ ఆడేవాళ్లు మీతో పాటు కనీసం ఇద్దరు ముగ్గురు ఉండేలా చూసుకోండి.

ఇంట్లో ముగ్గురం ఆడతాం. అందరం ఒకే టీమ్‌లో ఉండాలా?

ఒకే టీమ్ అయితే ఒకరి జిమ్‌లో ఇంకొకరు చేరొచ్చు, ఒకరి పోకెమాన్‌కి ఇంకొకరు బెర్రీలు (జిమ్‌లో దాని ఊపు నిలబెట్టే పండ్లు) తినిపించొచ్చు. పిల్లలు చిన్నవాళ్లైతే ఇదే సరదా. కాయిన్ల లెక్క చూసుకుంటే మాత్రం ఒకరైనా వేరే రంగులో ఉండటం లాభం. రాత్రి మీ జిమ్‌లో పెట్టిన పోకెమాన్లను పొద్దున పాలకెళ్లేటప్పుడు మీ తమ్ముడు తన సొంత అకౌంట్‌తో పడగొడితే, మీకు ఆ రోజు కాయిన్లు వచ్చినట్టే. ఎవరి అకౌంట్ వాళ్లే ఆడినంతవరకు ఇందులో తప్పేమీ లేదు.

## మారాలా, వద్దా?

2016లో ఆడినప్పుడు టీమ్ మార్చడం కుదరదన్నారు. ఇప్పుడు కుదురుతుందా?

కుదురుతుంది. గేమ్ 2016 జులైలో మొదలైంది, మన దేశానికి అదే ఏడాది డిసెంబరులో జియోతో ఒప్పందం మీద వచ్చింది. అప్పట్లో ఒకసారి నొక్కితే జీవితాంతం అదే రంగు. 2019 ఫిబ్రవరిలో టీమ్ మెడాలియన్ అనే వస్తువును షాపులో పెట్టారు. దాంతో టీమ్ మార్చుకోవచ్చు, 365 రోజులకు ఒక్కసారి.

మెడాలియన్ ధర ఎంత? డబ్బు పెట్టకుండా సంపాదించొచ్చా?

1000 కాయిన్లు. డబ్బిచ్చి కాయిన్లు కొనుక్కోవచ్చు, జిమ్‌ల ద్వారానూ సంపాదించొచ్చు. రోజుకు 50 చొప్పున పూర్తిగా వస్తే 20 రోజుల్లో 1000 అవుతాయి. ఏడాదికి ఒక్కసారి చేసే పనికి మూడు వారాలు ఓపిక పట్టడం పెద్ద కష్టం కాదు. పైగా ఆ మూడు వారాల్లో, నిజంగా మారాలా అన్నది మీకే తేలిపోతుంది. తొందరపడి కార్డు గీకొద్దని చెప్పడానికి అసలు కారణం అదే.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. పాత టీమ్‌లో కాయిన్లు రాకపోవడమే మీ సమస్య అయితే ఈ 1000 పోగవడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అలాంటివాళ్లు డబ్బు పెట్టి కొన్నా నేను తప్పు పట్టను.

రోజుకు 50 కాయిన్లు రావాలంటే పోకెమాన్ ఎంతసేపు జిమ్‌లో ఉండాలి?

8 గంటల 20 నిమిషాలు. లెక్క సులువే, పది నిమిషాలకు ఒకటి కాబట్టి 500 నిమిషాలు. ఒకే పోకెమాన్ అంతసేపు ఉండనక్కర్లేదు. ఒకే రోజు తిరిగొచ్చిన వాటన్నిటి సమయం కలిపి 500 నిమిషాలైనా చాలు. రాత్రి తొమ్మిదికి పెట్టినది పొద్దున ఆరింటికి తిరిగొస్తే 50 వచ్చేస్తాయి.

కాయిన్లు పెట్టిన రోజు ఖాతాలో కాదు, తిరిగొచ్చిన రోజు ఖాతాలో పడతాయి. అర్ధరాత్రి దాటితే కొత్త లెక్క. ఒకేసారి 20 జిమ్‌ల దాకా పెట్టుకోవచ్చు గానీ, అన్నీ ఒకే రోజు తిరిగొస్తే మిగతా శ్రమంతా వృథా. అందుకే వేర్వేరు దారుల్లో ఉన్న జిమ్‌లలో, వేర్వేరు రోజుల్లో పెట్టడం తెలివైన పని. లెజెండరీలు, మిథికల్ పోకెమాన్లు (చాలా అరుదైన రకాలు) జిమ్‌లో పెట్టనివ్వరు. ఒక జిమ్‌లో ఒకే జాతి పోకెమాన్ రెండు ఉండవు. అక్కడ ఇప్పటికే బ్లిస్సీ అనే పోకెమాన్ ఒకటి ఉంటే మీ బ్లిస్సీ ఇంకో జిమ్‌కి వెళ్లాల్సిందే.

మా బాబు చూసుకోకుండా ఎర్ర టీమ్ నొక్కేశాడు. ఫ్రీగా మార్చుకునే దారి ఉందా?

చిన్నపిల్లలున్న ఇళ్లలో ఇది మామూలే. ఫ్రీ దారి లేదు, మెడాలియన్ ఒక్కటే మార్గం. బాబు ఆట మొదలుపెట్టి రెండు మూడు రోజులే అయితే, పట్టుకున్న వాటి మీద మమకారం లేకపోతే, ఆ అకౌంట్ తీసేసి కొత్తగా మొదలుపెట్టడం కూడా ఒక పద్ధతే. కానీ ముందు బాబుని అడగండి. ఆ మొదటి పికాచు వాడికి ప్రాణం కావచ్చు. రంగు కలవకపోయినా మీరిద్దరూ కలిసి చేసే పనులు దాదాపు అన్నీ అలాగే ఉంటాయి: రెయిడ్లు (పలువురు కలిసి ఒక పెద్ద పోకెమాన్‌ని ఓడించడం), ట్రేడ్లు (పోకెమాన్లు ఇచ్చిపుచ్చుకోవడం), గిఫ్టులు, పార్టీ ప్లే (జట్టుగా ఆడటం).

అమెరికా వెళ్తున్నాను. వెళ్లే ముందే టీమ్ మార్చుకోవాలా?

వద్దు. టీమ్ మీ అకౌంట్‌కి అంటుకుని ఉంటుంది, దేశానికి కాదు. హైదరాబాద్‌లో పసుపైతే డాలస్‌లోనూ పసుపే. కొత్త ఊళ్లో ఏ రంగు ఎక్కువో, మీతో పాటు రెయిడ్లకు వచ్చేవాళ్లు ఎవరో తెలిశాక నిర్ణయించుకోండి. ఇక్కడి జిమ్‌లలో వదిలి వెళ్లిన పోకెమాన్లు అక్కడికి వెళ్లాక కూడా ఎవరైనా ఓడిస్తే మీ దగ్గరికి వచ్చేస్తాయి. వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఎలాంటప్పుడు మారొద్దంటారు?

ఒక్క జిమ్ దగ్గర ఒక మనిషితో గొడవ వచ్చిందని మారొద్దు. ఆ మనిషి మీ కొత్త టీమ్‌లోనే తేలే అవకాశమూ ఉంది. రెయిడ్లలో సాయం దొరకడం లేదని కూడా మారొద్దు, ఎందుకంటే రెయిడ్లకు టీమ్‌తో పని లేదు, మూడు రంగులవాళ్లూ కలిసే కొడతారు. మారడానికి నాకు తెలిసిన మంచి కారణాలు రెండే. రోజూ మీతో నడిచేవాళ్లంతా వేరే రంగులో ఉండటం ఒకటి. నెలల తరబడి జిమ్‌లు కదలక కాయిన్లు రాకపోవడం రెండోది.

## మారేటప్పుడు

ఇప్పటికే జిమ్‌లలో ఉన్న నా పోకెమాన్లు ఏమవుతాయి?

పోవు. ఎవరైనా ఓడించేదాకా అక్కడే ఉండి, తర్వాత మీ దగ్గరికి వచ్చేస్తాయి. కానీ టీమ్ మారాక తిరిగొచ్చినవి కాయిన్లు తీసుకురావు. వారం నుంచి నిలబడి ఉన్నా సరే, ఆ శ్రమంతా గాల్లో కలిసినట్టే. మెడాలియన్ వాడే ముందు చూసుకోవాల్సిన అతి ముఖ్యమైన విషయం ఇదే.

మరి వాటిని ముందే వెనక్కి పిలిపించుకోవచ్చా?

పిలిపించుకునే బటన్ ఏదీ లేదు. వేరే రంగు స్నేహితుడిని సాయం అడగడం ఒక్కటే దారి. "అన్నా, టీమ్ మారుతున్నా, గుడి దగ్గర జిమ్ కాస్త కొట్టేయవా" అంటే సంతోషంగా చేసేవాళ్లే ఎక్కువ, వాళ్లకూ ఓ జిమ్ దొరుకుతుంది కదా. వాటికి బెర్రీలు పెట్టడం ఆపేయండి. గంటలు గడిచేకొద్దీ మోటివేషన్ (జిమ్‌లో నిలబడే ఊపు) తగ్గి, ఒక్క దెబ్బకే పడే స్థితికి వస్తాయి. నిండా మోటివేషన్ ఉన్నదాన్ని పంపాలంటే స్నేహితుడు మూడుసార్లు ఓడించాలి. అందరినీ ఒకే రోజు రప్పించకండి. రోజుకు 50 పరిమితి ఉంది కాబట్టి రోజుకొక జిమ్ చొప్పున కొట్టించుకుంటే అన్నిటి కాయిన్లూ దక్కుతాయి.

మార్చే పద్ధతి ఏంటి?

గేమ్‌లోని షాపుకి వెళ్లి టీమ్ మెడాలియన్ కొనండి. దాన్ని వాడినప్పుడు టీమ్ ఎంచుకోమంటుంది. కొత్త లీడర్‌ని ఎంచుకుని ఖరారు చేయండి. రెండు నిమిషాల పని. షాపులో మెడాలియన్ కనబడకపోతే, మీరు మారి ఇంకా 365 రోజులు పూర్తి కాలేదేమో చూసుకోండి.

పొరపాటున వేరే రంగు నొక్కేస్తే?

ఏడాది ఆగాల్సిందే. అందుకే రెయిడ్ మధ్యలో, బండి మీద, ఎండలో స్క్రీన్ సరిగా కనబడనప్పుడు ఈ పని చేయొద్దు. ఇంట్లో కూర్చుని చేయండి. రంగుతో పాటు పేరు కూడా చదివి నొక్కండి.

## మారిన తర్వాత

నా గోల్డ్ బ్యాడ్జీలు పోతాయా?

పోవు. జిమ్ బ్యాడ్జీలు ట్రైనర్‌గా మీవి, టీమ్‌వి కావు. కంచు, వెండి, బంగారం ఏది సంపాదించినా అలాగే ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకే జిమ్‌ని కాపాడి బంగారం తెచ్చుకున్నవాళ్లు ఈ భయంతోనే ఆగిపోతున్నారు, ఆ భయం అక్కర్లేదు. లెవెల్, స్టార్‌డస్ట్, మెడల్స్, బ్యాగులో వస్తువులు కూడా ఎక్కడికీ పోవు.

ఫ్రెండ్స్ లిస్టు, బెస్ట్ ఫ్రెండ్ స్థాయి?

అన్నీ అలాగే ఉంటాయి. వేరే రంగువాళ్లతో స్నేహం, గిఫ్టులు, ట్రేడ్, ట్రైనర్ బ్యాటిల్, గో బ్యాటిల్ లీగ్ దేనికీ టీమ్ అడ్డం కాదు.

పోకెమాన్‌ని అప్రైజ్ చేస్తే (ఎంత మంచిదో అంచనా వేయిస్తే) ఇంకో మనిషి మాట్లాడుతున్నారేంటి?

అప్రైజల్ చేసేది మీ టీమ్ లీడర్. కాండెలా ఉన్నచోట ఇప్పుడు బ్లాంచ్ కనబడుతుంది. మాట తీరు మారుతుంది, నక్షత్రాలు, ఐవీలు (ఆ పోకెమాన్ బలం చెప్పే అంకెలు) మారవు. ప్రాక్టీసు బ్యాటిల్ మాత్రం ముగ్గురు లీడర్లలో ఎవరితోనైనా చేసుకోవచ్చు.

రెయిడ్లలో ఏమైనా తేడా ఉంటుందా?

చిన్న తేడా. మీ టీమ్ చేతిలో ఉన్న జిమ్‌లో రెయిడ్ గెలిస్తే ప్రీమియర్ బాల్స్ (గెలిచాక ఆ పోకెమాన్‌ని పట్టుకునే బంతులు) కొన్ని అదనంగా వస్తాయి. టీమ్ మారారు కాబట్టి నిన్నటిదాకా మీకు అదనంగా ఇచ్చిన జిమ్ ఇప్పుడు ఇవ్వదు, ఇవ్వనిది ఇస్తుంది. మంచి లెజెండరీ వచ్చిన రోజు కొందరు రెయిడ్ గుడ్డు పగిలి ఆట మొదలయ్యేలోపు జిమ్‌ని తమ రంగులోకి మార్చుకుంటారు. అది ఆటలో భాగమే.

పాత టీమ్ జిమ్‌లకి బెర్రీలు పెట్టొచ్చా?

కుదరదు. మీ ప్రస్తుత టీమ్ జిమ్‌లలోనే బెర్రీలు పెట్టగలరు. నిన్నటిదాకా గోల్డెన్ రాజ్ బెర్రీలు పెట్టి కాపాడినవి ఇవాళ మీరు కొట్టాల్సిన జిమ్‌లు. ఫోటో డిస్క్ (జిమ్ ఫోటో ఉన్న చక్రం) తిప్పి వస్తువులు తీసుకోవడం మాత్రం ఏ రంగు జిమ్‌లోనైనా చేయొచ్చు.

## మనుషులు, మర్యాదలు

టీమ్ మారితే వెన్నుపోటు అంటున్నారు. నిజంగా తప్పా?

తప్పు కాదు. ఎన్నికల ముందు కండువా మార్చే నాయకులతో పోల్చి మాట్లాడతారు గానీ, ఆ పోలిక సరి కాదు. అక్కడ జనం ఒక గుర్తు చూసి ఓటేశారు, ఆ నమ్మకానికి ఒక విలువ ఉంది. ఇక్కడ మీరు ఎవరి ఓటూ తీసుకోలేదు. పైగా అన్ని జిమ్‌లూ ఒకే రంగులో గడ్డకట్టిన ఊళ్లో ఇద్దరు ముగ్గురు రంగు మారితే లాభపడేది అందరూ. పాత టీమ్‌వాళ్లకు కూడా కాయిన్లు కదలడం మొదలవుతుంది. మీ ఊళ్లో అలాంటి పరిస్థితే ఉంటే, ఈ మాట గ్రూపులో నిర్భయంగా చెప్పండి.

అయితే చెప్పే తీరు ముఖ్యం. మారాక తెలియడం కన్నా మారే ముందు చెప్పడం మర్యాద. పొద్దున లేచి చూస్తే తమతో కలిసి ఆడినవాళ్లే జిమ్‌ని పడగొట్టి ఉంటే ఎవరికైనా బాధేస్తుంది.

పాత టీమ్ వాట్సాప్ గ్రూపులో ఉండొచ్చా?

అన్ని రంగులకూ కలిపి ఉన్న రెయిడ్ గ్రూపైతే నిరభ్యంతరంగా ఉండండి. ఒకే టీమ్ కోసం పెట్టుకున్న గ్రూపైతే మీ అంతట మీరే బయటికి రావడం మంచిది. ఏ జిమ్ ఎప్పుడు కొడదామన్న మాటలు అందులోనే నడుస్తాయి కదా. అడ్మిన్‌గా ఉంటే ముందు ఇంకొకరికి అప్పగించండి. అక్కడ విన్న ప్లాన్లు కొత్త టీమ్‌కి మోసుకెళ్లడం ఏ నిబంధనలోనూ రాసి లేని తప్పు. కానీ ఒక్కసారి అలా చేస్తే మీ మీద నమ్మకం రెండు టీమ్‌లలోనూ పోతుంది.

వెయ్యి కాయిన్లు ఎందుకు, వేరే రంగులో రెండో అకౌంట్ పెట్టుకుంటే పోలా?

పెట్టుకోవద్దు. ఒక మనిషి ఒకటికి మించి అకౌంట్లు ఆడటం గేమ్ నిబంధనలకు విరుద్ధం. చాలామంది చేస్తున్నారన్నది నిజమే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. రెండో ఫోన్‌తో తన టీమ్ జిమ్‌లోనే ఒకరిని పడగొట్టి, ఆ ఖాళీలో తన పోకెమాన్‌నో స్నేహితుడి పోకెమాన్‌నో పెట్టుకునేవాళ్లున్నారు. అలా పోయేది, రోజంతా కాలేజీలోనో ఆఫీసులోనో ఉండి సాయంత్రం ఒక్క జిమ్ పెట్టుకోగలిగిన మామూలు ఆటగాడి స్థానం. నలభై నిమిషాలకే ఇంటికి పంపిస్తే అతనికి మిగిలేది నాలుగు కాయిన్లు. చిన్న ఊళ్లలో కొత్తవాళ్లు విసిగిపోయి ఆట మానేయడానికి ఇదీ ఒక కారణం.

స్నేహితుడు ఊరెళ్తూ పాస్‌వర్డ్ ఇచ్చాడు. అతని అకౌంట్‌తో జిమ్ కొట్టొచ్చా?

వద్దు, అకౌంట్ పంచుకోవడం కూడా నిబంధనలకు విరుద్ధమే. ఏదైనా తేడా వస్తే పోయేది అతని ఏళ్ల శ్రమ.

లొకేషన్ మార్చే యాప్‌తో ఇంట్లో కూర్చునే జిమ్‌లు కొట్టేవాళ్లున్నారు. ఏం చేయాలి?

మీరు ఆ దారి పట్టకండి. దొరికితే మొదటిసారి దాదాపు 7 రోజుల హెచ్చరిక, రెండోసారి 30 రోజుల దాకా సస్పెన్షన్, మూడోసారి అకౌంట్ శాశ్వతంగా మూత. ఎదుటివాళ్లు చేస్తున్నారని గట్టి అనుమానం ఉంటే గేమ్ సహాయ విభాగానికి రిపోర్ట్ చేయండి. గ్రూపులో పేరు పెట్టి రచ్చ చేయకండి. తెల్లవారుజామున మూడింటికి జిమ్ పడిందంటే అది యాప్ పనే కానక్కర్లేదు, నైట్ షిఫ్ట్ నుంచి ఇంటికెళ్లేవాళ్లు కూడా ఆడతారు.

మారాక నచ్చలేదు. మళ్లీ పాత టీమ్‌కి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. 365 రోజులయ్యాక మళ్లీ 1000 కాయిన్లు పెట్టి మెడాలియన్ కొనాలి. ఇన్నిసార్లే మారాలన్న లెక్క లేదు, ఏడాదికి ఒకటి అన్న హద్దు తప్ప. ఈలోగా కొత్త టీమ్‌లో జిమ్‌లు ఆడుతూ ఉండండి, తిరుగు ప్రయాణానికి కావలసిన కాయిన్లు అక్కడే పోగవుతాయి. గడువు దగ్గర పడ్డాక చివరి వారంలో జిమ్‌లలో పెట్టేవి తగ్గించుకోండి, మారే రోజుకి బయట ఏదీ మిగలకుండా.